తెల్వదన్న పిలగాడు

"వచ్చిన సుట్టమే ప్రార్థన చెయ్యాలె. మనింట్ల గదే పద్ధతి," అంది ఏసమ్మ, కొర్రమీనును ఉప్పేసి రుద్దుతూ.

"అవ్వా, అన్వేష్‌ను మాత్రం అడగకు. ప్లీజ్." పొద్దుటి నుంచి ప్రిస్కిల్లా ఈ మాట అంటూనే ఉంది.

"ఎందుకడగొద్దు? పిలగానికి నోరు లేదా?"

"నోరుంది. దేవుడు ఉన్నడో లేడో తనకు తెల్వదంటడు."

పొయ్యి దగ్గర రోజీ చేతిలోని గరిటె ఆగిపోయింది. "నాస్తికుడా?"

"కాదు మమ్మీ. నాస్తికుడైతే లేడంటడు. ఈయన తెల్వదంటడు. ఫరక్ ఉంది."

"తెల్వకపోతే అడిగి తెలుసుకోవాలె. చేతిల ఫోనుంటది గద," అంది ఏసమ్మ.

గుమ్మంలో నిలబడ్డ ఆమె కొడుకు సత్యానందం నవ్వలేదు. ఆరాధన ముగించుకొని అప్పుడే వచ్చాడు, తెల్ల చొక్కా ఇంకా మార్చలేదు. శామీర్‌పేటలో ఆయనకు రెండు పేర్లు. వారమంతా ఆర్టీసీ డ్రైవర్, ఆదివారం సంఘపెద్ద.

"నేనే అడుగుత," అన్నాడు. "ప్రార్థన చేస్తే పెండ్లి మాట ముందుకు పోతది. చెయ్యకపోతే పులుసు తిని పోతడు. గంతే."

అన్వేష్ చెయ్యడని ప్రిస్కిల్లాకు తెలుసు.

అన్వేష్‌తో ఆమె పరిచయమే గొడవతో మొదలైంది. తుర్కపల్లి ల్యాబ్‌లో మందు సీసాల్లో క్రిములు ఉన్నాయేమో పరీక్షించడం ఆమె పని. ఆ రిపోర్టులు సరిచూడటం అతని పని. ఆమె రాసిన మొట్టమొదటి రిపోర్టే తిరిగొచ్చింది. కోపంగా అతని టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"ఎందుకు వాపస్ పంపిన్రు?"

"క్రిములు లేవని రాసిన్రు. లేవని మీకెట్ల తెలుసు?"

"చూసిన కాబట్టి!"

"చూసినంతల కనబడలే. అట్లనే రాయండి."

"ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడ్తరా?"

"లేదండి. మాట్లాడితే మా అమ్మ అన్నం పెట్టదు."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం కంపెనీ క్యాబ్‌లో అతని పక్క సీటు ఒక్కటే ఖాళీ. బయట వాన. శామీర్‌పేట వచ్చేదాకా ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఆ అద్దంలో కనిపించింది అతని ముఖమేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఆదివారం మధ్యాహ్నం అన్వేష్ ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, చినుకులకు తడిసిన జుట్టు.

"మస్తుగున్నడు," అని ఏసమ్మ గుసగుసలాడింది. ఆమె గుసగుస వీధి చివరిదాకా వినిపిస్తుంది. అన్వేష్ చెవులు ఎర్రబడ్డాయి.

అందరూ భోజనానికి కూర్చున్నారు. సత్యానందం గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ప్రార్థన చెయ్యి."

రోజీ కళ్లతో ఏదో సైగ చేసింది. అన్వేష్ ఆమెను చూసి ఇబ్బందిగా నవ్వాడు.

"ఆంటీ నిన్న వాట్సాప్‌ల ప్రార్థన పంపిన్రు అంకుల్. కంఠస్థం కూడా అయింది."

సత్యానందం భార్య వైపు తిరిగాడు. "పిల్ల పెండ్లి గదయ్యా," అని ఆమె కొంగు సర్దుకుంది.

"కానీ చదవలేను," అన్నాడు అన్వేష్. "దేవుడు ఉన్నడని నాకు తెల్వదు. లేడని కూడా తెల్వదు. తెలిసినట్టు చదివితే మిమ్మల్ని మోసం చేసినట్టే. నాకు పక్కా తెలిసింది చెప్పమంటే చెప్తా."

"ఏంది?"

"చేప అవ్వ కడిగింది. పులుసు ఆంటీ పెట్టిన్రు. ఈ చేప కోసం మా బాపు పొద్దున్నే చెరువుల వల లాగిండు. మీరు, ఇష్టం లేకున్నా, నన్ను పక్కన కూసోబెట్టుకున్నరు. అందరికీ థాంక్స్."

"ఆమెన్!" అంది ఏసమ్మ గట్టిగా.

"అమ్మా!"

"ఏందిరా? మంచిమాటకు ఆమెన్ అనొద్దా? ఇగ తినుండ్రి, సల్లారుతాంది."

ప్రిస్కిల్లా పక్కున నవ్వింది. రోజీ కూడా నవ్వింది. సత్యానందం అన్నం కలుపుతూ ఆగాడు.

"మాట మంచిగనే ఉంది. కానీ చర్చిల పెండ్లి కావాల్నంటే బాప్తిస్మం తీస్కోవాలె. తీస్కుంటవా?"

అన్వేష్ ప్రిస్కిల్లాను చూశాడు. చాలాసేపు చూశాడు. "తన కోసం... తీస్కుంట."

రోజీ ముఖం విప్పారింది. ప్రిస్కిల్లా ముఖంలో నవ్వు మాయమైంది.

"వద్దు," అంది.

"వద్దా?"

"నీళ్లల్ల నిలబెట్టి, నమ్ముతున్నవా అని పాస్టర్‌గారు అడుగుతరు డాడీ. నా కోసం నమ్ముతున్ననంటడు. రేపు నా కోసమే నాతోని గూడ అబద్ధమాడ్తడు. నాకు గా మనిషి వద్దు. ఇందాక తెల్వదన్న మనిషే కావాలె."

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు అర్థం కాలేదు. ప్రేమిస్తున్నానని అతనికైనా ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అవ్వ ముందర, అమ్మానాన్నల ముందర, పులుసు చేతితో చెప్పేసింది. అన్వేష్‌కు పొలమారింది. ఏసమ్మ నీళ్ల గ్లాసు అందించింది.

"మరి నేను సంఘపెద్దగ ఎట్లుండాలె బిడ్డా?" సత్యానందం గొంతు మెత్తబడింది. "మీ ఇంట్లనే గిట్లయితే మాకేం చెప్తవని సంఘంల అడగరా?"

"తెల్వదు డాడీ."

"నువ్వు గూడ మొదలువెట్టినవా!"

ఏసమ్మ కొడుకు వైపు జరిగింది. "సత్యం, రోజీకి ఆపరేషనైన దినం దవాఖానల నాతోని ఏమన్నవు రా?"

ఆయన తల దించుకున్నాడు. "దేవుడు వింటున్నడో లేడో తెల్వదమ్మా, అయినా అడుగుతున్న... అని చెప్పిన."

"గా దినం నిన్ను నేను బయటికి పొమ్మన్ననా?"

రోజీ భర్తను కొత్తగా చూసింది. ఈ సంగతి ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

సత్యానందం చెయ్యి కడుక్కొని, ఫోన్ తీసుకొని వరండాలోకి వెళ్లాడు. వాన పెద్దదైంది. రేకుల మీద చప్పుడు తప్ప లోపలికి ఒక్క మాటా వినిపించలేదు.

"తీస్కుంటనని ఎందుకన్నవు?" ప్రిస్కిల్లా మెల్లగా అడిగింది.

"భయమైంది."

"దేనికి?"

"మీ డాడీ పొమ్మంటే ఇగ నువ్వు నాకు కనబడవేమోనని."

"పెద్ద పిచ్చోనివి," అంది. తన ప్లేటులోని పెద్ద ముక్క తీసి అతని ప్లేటులో వేసింది.

సత్యానందం తల తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. తన చోట్లో కూర్చొని నీళ్లు తాగాడు. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

"పాస్టర్‌గారికి చెప్పిన," అన్నాడు నెమ్మదిగా. "సంఘపెద్దరికం ఇంకొకలకు ఇయ్యమన్న. వచ్చే ఆదివారం నుంచి నేను వెనక బెంచీల కూసుంట."

"అయ్యో, ఏమయ్యా..." రోజీ కళ్లు తడిశాయి.

"ఏం కాదు. వెనక ఫ్యాన్ మంచిగ తిరుగుతది." ఆయన అన్వేష్ వైపు తిరిగాడు. "మీ బాపుతోని గూడ మాట్లాడిన. ముత్తయ్యన్నకు సంతోషమే. రేపు మీరిద్దరు మేడ్చల్ పోయి రిజిస్టర్ పెండ్లికి నోటీసు ఇయ్యుండ్రి. పెండ్లినాడు సాక్షి సంతకం నేను పెడ్త."