తరుగుదల గడిలో సున్నా

“ఈ గడిలో సున్నా ఎందుకు పెట్టారు?” అంది రెనాటా, అతని పన్ను కాగితాల్లోంచి తలెత్తకుండానే.

బల్లకి అవతల కూర్చున్నతను తడిసిన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బయట కురుస్తున్నది మంచూ కాదు, వానా కాదు, రెండింటికీ మధ్యరకం. మిల్వాకీలో మార్చి నెల అంటే అంతే.

“సున్నాయే కాబట్టి.”

“పై వాటా అద్దెకిచ్చారు కదా? అద్దె ఇల్లు ఏటా పాతబడుతుంది కాబట్టి కొంత తరుగుదల రాసుకుని పన్ను తగ్గించుకోవాలి. మీ పాత రిటర్నులు ఏది తీసినా సున్నాయే. మర్చిపోయారా?”

“మర్చిపోలేదు. మా ఇల్లు తరగలేదు.”

అప్పుడు తలెత్తింది. ఆ మనిషి హాస్యమాడడం లేదు. పేరు ఆంటన్ బ్రేమర్, మిడిల్ స్కూల్లో బ్యాండు మాస్టారు. ఏటా తన పన్నులు తనే వేసుకుంటాడట. ఆ సంగతి రిటర్నులే చెబుతున్నాయి.

“ప్రతి ఇల్లూ తరుగుతుందండీ.”

“మా అమ్మ ఏటా చలి తగ్గగానే వాకిలి మెట్లకి ఆకుపచ్చ రంగు వేసేది. ఇప్పుడు నేను వేస్తున్నాను. వచ్చి చూడండి. ఒక్క పెచ్చు లేచి ఉంటే నా పేరు మార్చుకుంటాను.”

“ప్రభుత్వం మెట్లు చూడదు, సంవత్సరాలు చూస్తుంది.”

“అయితే ప్రభుత్వానికి కళ్లజోడు కావాలి.”

రెనాటాకి నవ్వొచ్చింది. పన్నుల కాలంలో నవ్వడం ఆమెకు అలవాటు లేదు. పెన్సిలు కింద పడిందన్నట్టు వంగి, నవ్వు అక్కడే వదిలేసి లేచింది.

“ఇప్పుడెందుకు వచ్చారు మరి?”

“వేసవిలో ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను. పైకప్పు కారుతోంది, బాగుచేయించే స్తోమత లేదు. అరిజోనాలో మా అక్క ఉంది, వచ్చేయమంటోంది.”

“అమ్మితే ఇంకో చిక్కుంది. తరుగుదల మీరు రాసుకున్నా రాసుకోకపోయినా, రాసుకున్నట్టే లెక్క. తగ్గాల్సిన పన్ను ఏ ఏడూ తగ్గించుకోలేదు. అమ్మిన నాడు మాత్రం, తగ్గించుకున్న వాళ్లతో సమానంగా కడతారు.”

“తినని భోజనానికి బిల్లా?”

“సరిగ్గా అదే. అయితే భోజనం ఇంకా వంటింట్లోనే ఉంది. పాత రిటర్నులు ఒక్కొక్కటీ తిరగరాయక్కర్లేదు. లెక్కవేసే పద్ధతి మార్చుకుంటున్నామని ఒక ఫారం పెడితే, వదిలేసిందంతా ఈ ఏడాదే ఒక్కసారిగా తీసుకోవచ్చు.” ఆమె కొత్త కాగితం తీసింది. “ఇల్లు మీ చేతికొచ్చిన రోజు చెప్పండి. ఆ రోజున దాని విలువెంతో కూడా.”

ఆంటన్ మోకాలి మీది టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

“అమ్మ పోయిన రోజా?”

“అవును.”

అతను టోపీ పెట్టుకుని లేచాడు. “మళ్లీ వస్తానండీ.”

తలుపు మూసుకున్నాక రెనాటా చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది. చెంచాడు పంచదార అడిగినట్టు అడిగేసింది. కొన్ని తేదీలు ఫారంలో చిన్న గడిలో ఇమిడిపోతాయి. మనిషిలో ఇమడవు.

శుక్రవారం చర్చి కింది హాల్లో చేపల వేపుడు విందు. ఈస్టరుకు ముందు వారాల్లో శుక్రవారాలు మాంసం ముట్టరు కాబట్టి ఊరంతా అక్కడే భోంచేస్తుంది. రెనాటా పళ్లెంతో వరసలో నిలబడితే, వెనకనుంచి ఎవరో మోచేత్తో పొడిచారు.

“మా ఆంటన్‌ని బాధపెట్టిన పన్నుల పిల్లవి నువ్వేనా?”

పొట్టిగా, తెల్లటి జుట్టుతో ఒక ముసలావిడ. ఆంటన్ ఇంటి పై వాటాలో ఉండే మిసెస్ జాస్ట్రో.

“నేను బాధపెట్టలేదండీ! తేదీ అడిగానంతే.”

“ట్రంపెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు, ఊదడం లేదు. అతను ఊదకపోతే నాకు నిద్ర రాదు. ఊదినా రాదనుకో. అయినా ఇంటిని చూడకుండా దాని వయసు ఎలా కడతావమ్మాయ్? రేపు రా.”

“అది పద్ధతి కాదండీ.”

“ఎర్రబడ్డ నీ చెవులూ పద్ధతిగా లేవు. రేపు రా.”

మర్నాడు అచ్చమైన వాన. ఆకుపచ్చ మెట్లు నిగనిగలాడుతున్నాయి. రెనాటా గొడుగు పట్టుకుని వంగి చూసింది. ఒక్క పెచ్చు లేదు.

“పేరు మార్చుకోనక్కర్లేదన్నమాట,” అన్నాడు ఆంటన్, తలుపు తీస్తూ.

పైన మిసెస్ జాస్ట్రో వంటింట్లో, కప్పు నుంచి కారే నీళ్లు గిన్నెలో టప్పు టప్పుమంటున్నాయి. “నా గిన్నెకి కూడా తరుగుదల రాయి,” అని ఆవిడ ఇద్దరికీ కాఫీ పోసి, వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వడానికే అన్నట్టు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

“మీరుండే కింది వాటా లెక్కలోకి రాదు,” అంది రెనాటా, గొంతు సవరించుకుని. “తరిగేది అద్దెకిచ్చిన ఈ వాటా ఒక్కటే.”

“ఇంకా తరగనిదేమైనా ఉందా?”

“నేల. ఇంటి విలువలోంచి నేల విలువ తీసేశాకే తరుగుదల కడతాం. నేల అరగదు.”

అతను కిటికీలోంచి తడుస్తున్న పెరటిని చూశాడు. తర్వాత తేదీ చెప్పాడు. అక్టోబరులో ఒక శనివారం. పిల్లల్ని బ్యాండు పోటీకి తీసుకెళ్లాడు. గెలిచారు. ఆ మాట చెబుదామని ఇంటికి ఫోను చేశాడు. అమ్మ ఎత్తలేదు.

రెనాటా తేదీ రాసుకుంది.

“ఇల్లు తరుగుతోందని నా చేత్తో రాస్తే, ఆవిడ వేసిన రంగంతా అబద్ధం అన్నట్టుండేది,” అన్నాడు.

“తరుగుతుందని తెలుసు కాబట్టే కదండీ ఆవిడ రంగు వేసింది.”

గిన్నెలో టప్పుమంది. ఆంటన్ ఆమెని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

రిటర్ను సిద్ధమైన రోజు అతను మళ్లీ ఆఫీసుకొచ్చాడు. రెనాటా కాగితాలు ముందుకు జరిపింది.

“మీకు తిరిగొచ్చే డబ్బు కప్పంతటికీ చాలదు. కారుతున్న వైపు వేయించడానికి సరిపోతుంది. కానీ సంతకం పెట్టేముందు ఇది ఇంకెవరి చేతనైనా సరిచూపించుకోండి.”

“ఎందుకు? తప్పుందా?”

“తప్పులేదు. మీరు ఇల్లు అమ్మకుండా ఈ ఊళ్లోనే ఉండాలని నాకుంది.” ఆమె చెవులు మళ్లీ పద్ధతి తప్పాయి. “అలాంటి మనిషి వేసిన లెక్క ఊరికే నమ్మకూడదు.”

“ఎప్పట్నించి ఉంది?”

“మీరు ప్రభుత్వానికి కళ్లజోడు పెట్టినప్పట్నించి.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“మీరు చెప్పారా?”

“చెప్పలేదు,” ఒప్పుకున్నాడు ఆంటన్. “కానీ మీ లెక్క ప్రకారం, చెప్పినా చెప్పకపోయినా చెప్పినట్టే కదా?”

రెనాటా ఈసారి నవ్వును దాచుకోవడానికి బల్ల కిందికి వంగలేదు.

అతను కాగితాలు నిదానంగా చదివాడు. తరుగుదల గడిలో సున్నా లేదు. అక్కడ కాసేపు వేలు ఆనించి, సంతకం పెట్టాడు.

“ఇంకొకరికి చూపించమన్నానుగా!”

“అక్కకి ఫోన్లో చదివి వినిపిస్తాను. అరిజోనా రానని కూడా అప్పుడే చెప్పాలి.” టోపీ చేతుల్లో తిప్పాడు. “పన్నుల గడువు దాటాక మీకు తీరికేనా?”

“తీరికే.”

“మెట్లకి రంగు వేయాలి. నాకొక కుంచె ఉంది.” ఆగాడు. “రెండోది అమ్మది. ఎవరికీ ఇవ్వలేదు. మీరు పట్టుకుంటారా?”