ఖాళీ ఛానెల్

“ఏటండీ ఇంజినీరుగారూ, మీ డబ్బాకి ఇంత పిరికితనమేటి?”

నౌపడ బడి డాబా మీద యాంటెన్నా బిగిస్తున్న ప్రద్యుమ్న చేతిలోంచి స్పానర్ జారింది. మెట్ల మీద నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డావిడ ఆ బళ్ళో పాఠాలు చెప్పే సంహిత.

“పిల్లలకి వీడియో పెట్టేసరికి ఆగిపోతన్నాది. పొద్దున్నించి నాలుగుసార్లు!”

ప్రద్యుమ్నది గరివిడి. విజయనగరంలో రీసెర్చ్ చేస్తున్నాడు. టీవీ వాళ్ళకని కేటాయించినా ఎవరూ వాడక ఖాళీగా పడున్న ఛానెళ్ళ మీద, సిగ్నల్ సరిగా అందని ఉప్పుమడుల ఊళ్ళకి ఇంటర్నెట్ పంపడం అతని ప్రాజెక్టు. డాబా మీది డబ్బా అందుకే.

“పిరికితనం కాదండీ, మర్యాద. ఛానెల్ మనది కాదు. హక్కున్నవాళ్ళు లేనప్పుడే వాడుకోవాలి. వాళ్ళ గొంతు వినబడగానే నోరు మూసుకుని తప్పుకోవాలి.”

“మరిప్పుడు ఎవలొచ్చేరు?”

వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఎవరూ రాలేదు. ఉప్పుమడుల్లో నీళ్ళ మోటారు వేసినప్పుడల్లా, ఆ గరగరని టీవీ సిగ్నల్ అనుకుని డబ్బా జడుసుకుంటోంది. సంహిత పడీపడీ నవ్వింది. ఆ నవ్వుతో మనవాడి పని అయిపోయింది.

సాయంత్రానికల్లా సరిచేశాడు. “ఇక చప్పుడు విన్న వెంటనే నమ్మదండీ. ఆగి మళ్ళీ వింటాది. ఎవరూ లేరని తేలితే నిమిషంలో తిరిగొచ్చేస్తాది” అని గొప్పగా చెప్పాడు.

నిజానికి నెలకోసారి వస్తే చాలు. వారం వారం వచ్చేవాడు. వాన పడితే కొలతలు మారతాయని వంక పెట్టి వానలో మరీ వచ్చేవాడు.

“గొడుగు పట్టుకుని తడిసిపోతారేటండీ?”

“గొడుగు లాప్‌టాప్‌కండీ.”

“పోన్లెండి, దానికైనా బుర్రుంటాది” అని తన గొడుగు సగం అతని మీదకి వంచేది.

సంహిత తండ్రి అప్పలనరసింహం కోవెల్లో సన్నాయి వాయిస్తారు. ఒకరోజు వాళ్ళింట్లో కాఫీ ఇస్తూ తల్లి జగదీశ్వరి మాటల మధ్యలో అనేసింది.

“మా పిల్లకేటి బాబూ, పుట్టినప్పుడే మా అన్నయ్య కొడుకు ఉదయభాస్కర్‌కి అనుకున్నాం. ఆడు కొచ్చిలో ఉన్నాడు. నాలుగేళ్ళయి ఈ గుమ్మం తొక్కలేదనుకో.”

కాఫీ చేదెక్కిపోయింది. హక్కున్నవాడు వేరే ఉన్నాడన్నమాట. అతను రానన్నాళ్ళూ ఈ సగం గొడుగు నాది, అంతే అనుకున్నాడు. నీ మనసులో ఏముందని ఆ పిల్లనే అడగొచ్చుగా మహానుభావా! అడగలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం డాబా మీద ఉండగా కింద నుంచి ఆమె ఫోను మాటలు వినిపించాయి.

“బావా! ముహూర్తం పెట్టించేసి సెలవు దొరకలేదంటావేటి? పెళ్ళికూతురు బెంగెట్టేసుకుంటాది, బేగి వచ్చీ!”

ఆ వెనకే నవ్వు. తనదనుకున్న నవ్వు.

ప్రద్యుమ్న వెనక వైపు మెట్లు దిగి, ఎవరికీ చెప్పకుండా రైలెక్కేశాడు. ప్రాజెక్టు పని తోటి స్కాలరుకి అప్పగించాడు. ఆమె పదకొండుసార్లు ఫోన్ చేసింది. పదకొండుసార్లూ మోగనిచ్చాడు. నాలుగు నెలలు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. తప్పుకోవడమే మర్యాదని తనకి తనే చెప్పుకున్నాడు.

ప్రాజెక్టు ముగిసింది. డబ్బా విప్పుకు రావడానికి ఎవరూ దొరక్క తనే రావలసివచ్చింది.

సంహిత డాబా మీదకొచ్చింది. ఈసారి నవ్వలేదు.

“బావ పెళ్ళికి వస్తారనుకున్నాను.”

“మీ పెళ్ళికి నేనెలా...”

“నా పెళ్ళేటి? బావ కొచ్చిలో తనతో పన్జేసే అమ్మాయిని చేసుకున్నాడు. ఆ పిల్ల ముందే సెలవెట్టి పెళ్ళికని వాళ్ళూరొచ్చేసింది. మావయ్యని ఒప్పించడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ రోజు ఫోన్ పెట్టేసి ఆ మాట మీకే సెబుదామని పరిగెట్టుకొచ్చేను. మీరు లేరు. స్పానర్ ఉంది.”

ప్రద్యుమ్న డబ్బా వదిలేసి లేచాడు. ఇన్నాళ్ళూ గొంతులో దాచుకున్నది ఒక్కసారి బయటపడింది.

“సంహితగారూ, మీరంటే నాకు ప్రాణం. మొదటిరోజు నుంచీ.”

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. “ఇప్పుడా?” అంది. “పోయిన గురువారం తాంబూలాలు పుచ్చుకున్నారు. నరసన్నపేట సంబంధం.”

“మంచివాడేనా?”

“ఏమో, ఇంకా తెల్దు. సూడ్డానికొచ్చిన్రోజు, నేనంటే మీకిష్టమేనా అనడిగేడు. మా నాన్నని కాదు. నన్నే అడిగేడు, ప్రద్యుమ్నగారూ.”

ఆమె అతన్ని పేరుతో పిలవడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఉప్పుమడుల్లో ఎవరో మోటారు వేశారు. డబ్బా మీద ఎర్రదీపం వెలిగింది. కింద పిల్లల వీడియో ఆగింది. డబ్బా మళ్ళీ విన్నది. ఎవరూ లేరు. పచ్చదీపం వెలిగి, వీడియో ఆగినచోటు నుంచే మొదలైంది.

అతను నేర్పిన పనే అది. స్విచ్ ఆపడానికి చెయ్యి రాక, స్పానర్ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు.