చీటీల గుత్తిలో లేని మాట

ఆత్మకూరులో పిల్లలపై వేధింపులను గుర్తించడం గురించి మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చిన మర్నాడు, ఆదివారం ఉదయం, కృపారాణి టీ చల్లారుతున్నా పట్టించుకోకుండా కూతురి బొమ్మల చీటీల గుత్తిని తిరగేస్తూ కూర్చుంది. పదకొండేళ్ల సుకన్యకు మాట రాదు. అన్నం, నీళ్లు, బాత్రూం, ఏది కావాలన్నా ఆ చీటీ చూపిస్తుంది. ఉదయగిరిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచరు కనుక అవన్నీ కృపారాణే చేసింది.

"మీ పిల్లల చీటీల్లో 'వద్దు' ఉందా?" అని శిక్షణలో అడిగితే టీచర్లంతా తలలు వంచుకున్నారు. పిల్లలు మొండికేస్తారని ఆ ఒక్కటీ ఎవరూ చేయలేదు. అప్పటినుంచి ఆమె మనసు మనసులో లేదు.

"అత్తా, ఇయ్యాల నేను చర్చికి రాను. పిల్ల కాడ ఉంటా."

"ఎందుకు? దాని కాళ్లకు నూనె పట్టించేదానికి ఎప్పట్లాగే సురేంద్ర వస్తాడు గదా."

"అందుకే."

అత్త శీనమ్మ చేతిలోని బైబిలు బల్ల మీద పెట్టింది. "ఏంది ఆ మాట? నా తమ్ముడు దాన్ని ఎత్తుకొని పెంచినాడు. ఆత్మకూరు పోయి ఇంట్లోవాళ్లను అనుమానించేది నేర్చుకొని వచ్చినావా?"

నిజంగానే తనకు అనుమానం తలకెక్కిందేమో అనుకుంది కృపారాణి. నిన్న బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన్ని కూడా అలాగే చూసింది. మరి ప్రతి శనివారం రాత్రి, తెల్లారితే ఆదివారమనగా, పిల్ల అన్నం ఎందుకు ముట్టదు? సురేంద్ర తాత ఏమైనా చేశాడా అని పిల్లను అడిగేయాలనిపించింది. కానీ పేరు పెట్టి అడగొద్దు, చీటీ ఇచ్చి ఆగండి అని శిక్షణలో మరీ మరీ చెప్పారు.

చెయ్యి అడ్డంగా ఊపే బొమ్మతో కొత్త చీటీ గీసి, కూతురికి 'వద్దు' నేర్పింది. కాకరకాయ కూర పెట్టబోతే సుకన్య ఆ చీటీ తీసింది. జడ వేయబోతే మళ్లీ తీసింది. శీనమ్మకే నవ్వొచ్చింది.

అంతలో సురేంద్రబాబు బండి ఆగింది. "ఏం బంగారూ, రా," అంటూ గూట్లోని నూనె సీసా అందుకున్నాడు.

సుకన్య అవ్వ చేతిలో 'వద్దు' చీటీ కుక్కి, గది తలుపు ఎవరూ మూయకుండా దానికి వీపు ఆనించి కూలబడింది.

"ఏంది అక్కా ఇది, కొత్త ఆటా?" అన్నాడు. అక్క మొహం మాత్రం చూడలేదు.

"సీసా ఆడ పెట్టి బయటికి పో," అంది శీనమ్మ.

అతను వెళ్లాక ఆమె గోడ పట్టుకుని పిల్ల పక్కన కూర్చుంది. "ఆ శిక్షణలో ఇచ్చిన పిల్లల హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ చెయ్యి కృపా. నేనే చెప్తా. ఆదివారం వస్తే ఇది నా కొంగు వదిలేది కాదు. చర్చికి టైమైపోతుండాదని వేళ్లు విడదీసి పోయింది నేనే."

కృపారాణి ఏడుస్తూ నంబరు నొక్కింది. సుకన్య అవ్వ కొంగు పట్టుకునే ఉంది, ఈసారి ఎవరూ విడిపించలేదు.