బొద్దు బుగ్గలు

కొంగు చాటున దాచి తెచ్చిన పాలసీసాను అత్తగారు పిల్లాడి నోట్లో పెట్టి పాలు పట్టిస్తోంది. వార్డు గుమ్మంలోంచి అది చూసిన కోడలికి ఒళ్లు జలదరించింది. కోపం కాదు, భయం కూడా కాదు... అసహ్యం. ఆమె మంచం దగ్గరికి వచ్చేలోపే వాడు భళ్లున కక్కుకున్నాడు. ఇందాకే మార్చిన దుప్పటి, దిండు, చొక్కా అన్నీ పులిసిన పాల కంపు కొట్టాయి.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"బిడ్డ కడుపు నింపుతున్నా. ఈ ఆస్పత్రివాళ్లు చెంచాతో చుక్కలు పోస్తుంటే చూస్తూ కూర్చున్నావు. నీదీ ఒక తల్లి మనసేనా?"

తల్లి మనసట! ఎవరంటున్నారు ఆ మాట! కోడలు బట్టల ఫ్యాక్టరీలో మిషను మీద వంగి ఉంటే, పగలంతా పిల్లాడు ఈవిడ చేతుల్లోనే పెరిగాడు. ఓసారి దగ్గు వచ్చిందని పాలు మాన్పించింది. గుడ్డు వేడి చేస్తుందంది, పప్పు అరగదంది. ఇక పొద్దస్తమానం పలచటి జావే. చిత్రంగా వాడి ముఖం నిండుగా తయారైంది. "నా పెంపకం చూడండి" అంటూ వచ్చేపోయేవాళ్లకి వాడి బుగ్గలు గిల్లి చూపించేది. వాడు నవ్వడం మానేశాడనీ, ముట్టుకుంటే ఏడుస్తున్నాడనీ, జుట్టు ఎర్రబడిందనీ కోడలు మొత్తుకుంటే, "మా అమ్మకి పిల్లల్ని పెంచడం నువ్వు నేర్పుతావా?" అని మొగుడు నోరు మూయించాడు.

చివరికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆస్పత్రికొచ్చారు. తూకం సరిగ్గానే ఉందని మొదట డాక్టర్లందరూ నిమ్ముకే మందిచ్చారు. పిల్లల డాక్టరమ్మ మాత్రం వాడి మేజోళ్లు విప్పి, రెండు పాదాల మీదా బొటనవేళ్లతో కాసేపు నొక్కి వదిలింది. సొట్టలు పడ్డాయి. అవి ఎంతకీ పూడలేదు.

"ఇది ఒళ్లు కాదమ్మా, నీరు. సత్తువున్న తిండి లేక చేరింది. లోపల బిడ్డ ఎండిపోయి ఉన్నాడు. అలాగని ఒక్కసారిగా పాలు పట్టేస్తే గుండె తట్టుకోలేదు. మేమిచ్చేవే, కొంచెం కొంచెంగా, రాత్రీ పగలూ పట్టండి" అంది.

అత్తగారు పక్కనే నిలబడి విన్నది. విని కూడా సీసా తెచ్చింది... ఛీ!

పిల్లాడి ఆయాసం ఎక్కువైంది. నర్సు పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టింది. డాక్టరమ్మ వాడి గుండె పరీక్షిస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఊపిరి నెమ్మదించాక మొగుడు గొణిగాడు.

"ప్రేమకొద్దీ పట్టింది. పోనీలే."

"పోనిస్తే పోయేది నా కొడుకండీ. ఆవిడ ఈ మంచం దగ్గరికి రాకూడదు. వెంటబెట్టుకొస్తే మీరూ రావద్దు."

ఆమె గొంతు పెంచలేదు. అతను తల్లిని బయటికి తీసుకెళ్లాడు.

ఆ తర్వాత చెంచా చెంచాగా పాలు, మందులు, మళ్లీ పాలు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ బుగ్గలు జారిపోయాయి, పక్కటెముకలు తేలాయి, పిరుదుల దగ్గర చర్మం ముడతలుగా వేలాడింది. ఒకరోజు అత్తగారు ఉండబట్టలేక గుమ్మం దాకా వచ్చి, మంచం వైపు చూసి కొయ్యబారిపోయింది.

"నా మనవడిని ఏం చేశారే... వీడు వాడేనా?"

"వీడే అత్తయ్యా. ఇన్నాళ్లూ వీడే. మీరు ఊరందరికీ చూపించి మురిసింది నీళ్లని."

పెద్దావిడ తడబడుతూ దగ్గరికొచ్చింది. వాడి దండచేయి చుట్టూ బొటనవేలు, చూపుడువేలు కలిపి చూసింది. వేళ్లు కలిశాయి. ఇంకా చోటు మిగిలింది. ఆవిడ నేల మీద కూలబడి, చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆ కన్నీళ్లు చూసినా కోడలికి జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ వేయలేదు.

అప్పుడే పిల్లాడు కదిలాడు. పాలగిన్నె వైపు చెయ్యి చాచి, ఇవ్వలేదని రాగం తీశాడు. వాడు తిండి కోసం ఏడవడం విని ఎంత కాలమైందో! కోడలు గబగబా గిన్నె అందుకుంది.

అత్తగారు కళ్లు తుడుచుకుని తలెత్తింది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి.

"ఎంత పట్టమంటావమ్మా?"

కోడలి మనసులో అసహ్యం ఇంకా అలాగే ఉంది. అయినా గిన్నె ఆవిడ చేతికిచ్చింది.

"ఇందులో ఉన్నదే. చెంచాతో, నెమ్మదిగా. నేనిక్కడే ఉంటాను."

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, చెంచా మీంచి చూపు తిప్పకుండా ఆఖరి చుక్కదాకా చూసింది.