ఎడమ భుజం మీది నక్షత్రం

తొలి పరిచయంలోనే లెఫ్టినెంటు దంతవైద్యుడి వేలు కొరికాడు.

"నొప్పెడితే చెయ్యి ఎత్తమన్నాను. కొరకమనలేదు," అన్నాడు డాక్టరు, గ్లౌజు విప్పి వేలు చూసుకుంటూ.

"ఎత్తాను. మీరే చూడలేదు."

"సైన్యంలో ఉండి ఇంత సూదికి భయమా?"

"తుపాకీ గుండు ఇలా కళ్ళముందు ఊగుతూ రాదు కదండీ!"

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వుకు లెఫ్టినెంటుకు మత్తుమందు పడని బుగ్గ కూడా మొద్దుబారింది.

పన్ను నయమైనా అతడు క్లినిక్కుకు వెళ్ళడం మానలేదు. ఒక సాయంత్రం ఇద్దరూ వానలో చిక్కుకున్నారు. యూనిఫాంలో గొడుగు పట్టరాదన్న నియమం ఉండడంతో లెఫ్టినెంటు తడుస్తూ నడిచాడు. కాసేపటికి డాక్టరు కూడా తన గొడుగు ముడిచేశాడు.

"మీకేమైంది? రూలు నాకు కదా!"

"ఏమో. నాకూ అర్థం కావడం లేదు."

అర్థమయ్యేసరికి వానాకాలం గడిచిపోయింది.

అప్పటికి కొత్త ఉత్తర్వు వెలువడి కొద్ది వారాలే అయింది. పురుషుణ్ణి ప్రేమించిన పురుషుణ్ణి గాని, స్త్రీని ప్రేమించిన స్త్రీని గాని ఆ కారణంగా సైన్యం నుంచి తొలగించరాదన్నది దాని సారాంశం. దానిని అందరూ చదివారు. ముందుకు వచ్చి "నేను" అన్నవాడు మాత్రం ఆ రెజిమెంటులో ఒక్కడూ లేడు. సైనికుణ్ణి ప్రాణమిమ్మని అడగడానికి ఏనాడూ తడుముకోని వ్యవస్థ, ఆ ప్రాణాన్ని ఎవరిమీద పెట్టుకున్నాడో చెప్పుకొనే హక్కు ఇవ్వడానికి మాత్రం ఇన్నేళ్ళు తడుముకుంది.

ఇంతలో లెఫ్టినెంటుకు కెప్టెనుగా పదోన్నతి వచ్చింది. కొత్త నక్షత్రాన్ని కుడి భుజాన కల్నలు, ఎడమ భుజాన కుటుంబంలోని వారు పెట్టడం అక్కడి ఆనవాయితీ.

"నువ్వు రావాలి," అన్నాడు డాక్టరుతో.

"స్నేహితుడిగానా? అయితే రాను. చప్పట్లు ఇంట్లో కూర్చుని కూడా కొట్టగలను."

"నా మనిషిగా రా. ఎడమ భుజం నీది."

"అందరి ముందా? తర్వాత నీ ఉద్యోగం?"

"ఉత్తర్వు ఉందిగా."

"వెనకాల గుసగుసలు ఆపడానికి కూడా ఉత్తర్వు ఉందా?"

"తెలీదు. నాకేమీ తెలీదు. నువ్వు మాత్రం రా."

వేడుకనాటి ఉదయం తల్లి అతని చొక్కాకు ఇస్త్రీ చేస్తున్నప్పుడు విషయం చెప్పాడు.

"ఎవరు, ఆ పళ్ళ డాక్టరా?"

"ఆయనే అమ్మా."

"ఇన్నాళ్ళూ నీ పిప్పిపన్ను తగ్గడం లేదనుకున్నానురా!" ఆమె ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టింది. "మరి వీళ్ళంతా ఊరుకుంటారా?"

"రూలు మారింది."

"మారితే మారనీ. అందరికంటే ముందు నువ్వే నిలబడాలా?"

"ఎవరో ఒకరు నిలబడాలి కదా."

"ఆ ఎవరో నా కొడుకే కావాలా అని."

ఆమె మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. అది అంగీకారమో, అలకో అతనికి అంతు పట్టలేదు.

ముందురోజే లెఫ్టినెంటు పెరేడ్ అధికారిని మరొక కుర్చీ అడిగాడు, డాక్టరుగారు వస్తారని చెప్పి. పెరేడ్ అధికారి పద్ధతి గల మనిషి. ఎండకు సిపాయిలు సొమ్మసిల్లితే వైద్యం చేయడానికే కాబోలనుకుని, వేడుక వేళకు డాక్టరును మైదానం చివర, స్ట్రెచరు పక్కన కూర్చోబెట్టాడు.

ఇదేదీ లెఫ్టినెంటుకు తెలియదు. అతడు అటెన్షన్‌లో ఉన్నాడు, తల తిప్పరాదు.

కల్నలు కుడి భుజాన నక్షత్రం పెట్టి, "కుటుంబం ముందుకు రావాలి!" అన్నారు.

అమ్మ చెప్పుల చప్పుడు దగ్గరైంది. ఆగింది. మళ్ళీ దూరమైంది.

అమ్మ వెళ్ళిపోతోందా? డాక్టరు అసలు వచ్చాడా? అతడు ఎదుటి జెండాకొయ్యను చూస్తూ నిలబడ్డాడు. చెమట కంట్లోకి దిగింది.

ఎక్కడో వెనుక తల్లి గొంతు వినిపించింది.

"ఏం బాబూ, ఇక్కడ కూర్చున్నావేం?"

"ఇక్కడే కూర్చోమన్నారండీ. నేను కనబడడం మీవాడికి ఇష్టం లేదేమో."

"వాడక్కడ కొయ్యబొమ్మలా నిలబడ్డాడు, నువ్విక్కడ అలిగి కూర్చున్నావు. ఇద్దరికిద్దరూ సరిపోయారు. లే!"

ఈసారి రెండు జతల అడుగులు దగ్గరయ్యాయి. కల్నలు కనుబొమలు ముడిచారు.

"ఈయన ఎవరు, కెప్టెన్?"

రెజిమెంటంతా చెవులు రిక్కించింది.

"నేను ప్రేమించిన మనిషి, సార్!"

పెరేడు అలవాటు కొద్దీ ఆ మాట మైదానం అవతలి గోడ దాకా వినబడింది.

కల్నలు పెరేడ్ అధికారి వైపు చూశారు. ఆ అధికారి తన బూట్లు చూసుకున్నాడు. చివరికి కల్నలు తల్లి వైపు తిరిగి, "ఆనవాయితీ ప్రకారం కుటుంబమే పెట్టాలమ్మా," అన్నారు.

"అందుకేగా వెళ్ళి తీసుకొచ్చాను!"

కల్నలు రెండో నక్షత్రాన్ని డాక్టరు అరచేతిలో పెట్టారు. వరుసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కొందరు కలిశారు, కొందరు ఇంకా ఆలోచిస్తున్నారు.

"ఇంతకీ నిన్ను ఏమని పిలవాలయ్యా?" అంది తల్లి అయోమయంగా. "అల్లుడా అందామంటే నాకు కూతురు లేదు. కోడలా అందామంటే నీకు మీసాలున్నాయి."

డాక్టరు ఎడమ భుజాన నక్షత్రం పిన్ను బిగించి ఆమె వైపు తిరిగాడు.

"నా సంగతి మెల్లగా తేల్చుకోండి. మీరు మాత్రం ఎటు చూసినా అత్తయ్యే."