చిన్నమ్మ చేతులు

డెబ్బై రెండులో, వానాకాలం మొదట్లో, గోదావరిఖనిలోని యిర్మియా ఫోటో స్టూడియోకి సుసన్నా టీచర్ వచ్చింది. వెంట అక్క కూతురు, ఏడేళ్ళ రాహేలు. నస్పూర్ సంబంధం వాళ్ళకు పంపడానికి ఫోటో కావాలట.

"కదలొద్దు. నవ్వొద్దు. చేతులు ఒళ్ళ పెట్టుకోండ్రి," అన్నాడు యిర్మియా.

"ఊపిరన్న తీసుకోవచ్చునా?"

"ఫోటో అయినంక తీసుకోండ్రి."

గని కార్మికుల కార్డులకు ఫోటోలు తీసి తీసి అతనికి అదే అలవాటైంది.

ఫోటో చేతికి రాగానే రాహేలు మూతి ముడిచింది. "గీమె మా చిన్నమ్మ కాదు."

"మరెవలు?"

"ఏమో. మా చిన్నమ్మ గిట్లుంటది," అంటూ బడి సంచిలోంచి తను గీసిన బొమ్మ తీసింది. బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పేది సుసన్నానే. కాగితం మీద ముఖం చిన్నది, చేతులు మాత్రం చేటలంత.

యిర్మియా నవ్వాడు. "చేతులు గింత పెద్దగుంటయా?"

"కథ చెప్పేటప్పుడు గంతే ఉంటయి కాకా."

అతని నవ్వు ఆగిపోయింది. బొమ్మనూ, ఫోటోనూ మార్చి మార్చి చూశాడు. ఫోటోలో ముఖం ఉంది, మనిషి లేదు.

"టీచరమ్మా, ఇంకోసారి తీస్త. బడికే వస్త."

"మళ్ళా ఊపిరి బిగవట్టాల్నా?"

"వద్దు. కథ చెప్పండ్రి."

శనివారం బళ్ళో అతను కెమెరా పట్టుకుని నిలబడితే రాహేలు చొక్కా లాగింది. "గట్ల నిలవడితే ఏం కనవడది. మా లెక్క కింద కూసో."

కూర్చున్నాడు. సుసన్నా దారి తప్పిన మబ్బు కథ చెబుతోంది. ఆమె చేతులు లేస్తున్నాయి, విచ్చుకుంటున్నాయి, గిర్రున తిరుగుతున్నాయి. బయట నిజంగానే వాన మొదలైంది. యిర్మియా ఫోటో తీయడమే మరిచిపోయాడు. రాహేలు గిల్లితే తేరుకుని నొక్కాడు.

ఆ ఫోటోను సుసన్నా చాలాసేపు చూసింది. "చేతులు చెదిరినయి గదా?"

"మొన్నటిదాకా గిసొంటివి పారేస్తుంటి. ఇప్పుడు పారేయబుద్ధయితలేదు."

"ఇది చూస్తే నస్పూరోళ్ళు వద్దనరు," అంది మెల్లగా.

"గందుకే ఇయ్యబుద్ధి కూడ అయితలేదు."

ఆమె తలెత్తింది. "ఇయ్యకుంట ఏం జేస్తరు?"

"మీ బాపు మత్తయి కాకను అడుగుత."

"ఫోటోనా?"

"మిమ్మల్ని."

"మా బాపును అడిగే ముందు నన్ను అడగరా?"

"అడుగుతున్న. నీకు ఇష్టమేనా సుసన్నా?"

ఆమె నవ్వింది. "ఆదివారం ప్రార్థన అయినంక ఇంటికి రా."

ఆదివారం మత్తయి అంతా విని కూతురి వైపు చూశాడు. "నస్పూరోళ్ళకు ఏమని చెప్పాలె బిడ్డా?"

"వద్దని చెప్పు బాపూ. నాకు ఈయన ఇష్టం."

మత్తయి యిర్మియా వైపు తిరిగాడు. "నిలవడ్డవేంది మరి? జల్ది పోయి మీ అవ్వను తోల్కరా."

యిర్మియా ఆ తొందరలో చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. సుసన్నా పిలిచేలోపే మలుపు తిరిగాడు.

చినుకులు పడుతున్నాయి. ఆమె ఆ చెప్పులు తీసి, తడవకుండా లోపల, తండ్రి చెప్పుల పక్కన పెట్టింది.