దేవకన్య దారం తెగింది

"మధ్యాహ్నం నిద్రపోయిన ఆ పిల్లను దేవకన్య సాలీడుగా మార్చేసింది" అని నరసింగరావు కథ ముగించాడు. మూడో తరగతి గున్నమ్మ ఏడుపు అందుకుంది.

"ఏటయ్యిందే?" అంది పంతులమ్మ నీలవేణి.

"మా యమ్మ కూడా పగలు తొంగుంటాది టీచరుగారూ. సాలీడైపోద్దా?"

1968 మార్చి. పొందూరులో ఒంటిపూట బళ్ళు మొదలయ్యాయి. నరసింగరావు విజయనగరంలో ఇంగ్లీషు ట్యూటరు. విక్టోరియా రాణి కాలంలో దొరలు పిల్లల కోసం రాసిన దేవకన్యల కథలు పన్నెండు తెలుగు చేశాడు. రెండేళ్ళు పట్టింది. ప్రెస్సు యజమాని ఒకటే షరతు పెట్టాడు. ఏదైనా బడిలో చదివి వినిపించి, పిల్లలకు పనికొస్తాయని టీచరు చేత రాయించుకు రావాలి. లేకపోతే అచ్చు వెయ్యడు.

నీలవేణి కలం మూత తియ్యలేదు.

"ఆ పిల్ల చేసిన తప్పేటండీ?"

"దేవకన్య మధ్యాహ్నం వడకమంది. దారం తెగింది. విసుగొచ్చి పడుకుంది. సోమరితనానికి శిక్ష తప్పదు. అదీ మోరల్."

"ముందు కథలో మగపిల్లాడు మాట వినకుండా అడవిలోకి పోతే రాజ్యం దొరికింది. ఆడపిల్ల కునుకు తీస్తే సాలీడు. బాగుంది మీ మోరల్! రాసిన దొర ఎప్పుడైనా రాట్నం ముట్టుకున్నాడా?"

"అది సింబాలిక్ అండీ."

"తెగిన దారం సింబాలిక్ కాదు మాస్టారూ. మా ఇంటికి రండి. మా అమ్మ కూడా సాలీడే."

నీలవేణి తల్లి జగ్గమ్మ చాప మీద పడుకుని ఉంది. నలభై ఏళ్ళుగా ఆమె తెల్లవారుజామున వడుకుతుంది, మధ్యాహ్నం నిద్రపోతుంది.

"అమ్మా, ఈయన కథలో దేవకన్య మధ్యాహ్నం వడకమందట. ఈయనకి రాట్నం ఇవ్వు."

"ఈ ఏళప్పుడా?" జగ్గమ్మ లేచి కూర్చుంది. "సరే, కూసో బాబూ."

పన్నెండున్నర. పడమటి గాలి వీస్తోంది. పావుగంటలో నరసింగరావు దారం పదకొండుసార్లు తెగింది. పన్నెండోసారి రాట్నం జగ్గమ్మ తీసుకుంది. ఆమె దారమూ తెగింది.

"సూసినావా? నాకే తెగిపోతన్నాది. ఎండగాలికి దూది పెళుసెక్కిపోద్ది. తెల్లారగట్ల మంచు తడికి వడకాల, ఇప్పుడు తొంగోవాల. మద్దినేళ వడకమన్న ఆ దేవకన్నె ఎవులో గాని, దానికి పనిరాదు."

చెప్పి మళ్ళీ పడుకుంది.

"మీ ఒంటి మీద చొక్కా ఎక్కడిది?" అంది నీలవేణి.

"పొందూరు ఖద్దరే."

"అయితే అదీ సాలీళ్ళు వడికిందే."

నరసింగరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంగ్లండులో వాతావరణం వేరండీ."

"అక్కడ ఎప్పుడూ ముసురేనట కదా? మరి దారం ఎందుకు తెగింది? తెగలేదు. నీతి కావాలని దొరే తెగ్గొట్టాడు."

నరసింగరావు పకపకా నవ్వాడు. నీలవేణి అతని వైపు చూసింది. తన వెటకారానికి ఇంతవరకు మొహాలు మాడ్చుకున్న మగవాళ్ళే గాని, నవ్వినవాడు లేడు.

"సర్టిఫికెట్ మాత్రం రాయను" అంది.

అతను ఒంటిగంట బస్సెక్కాడు.

తరవాతి శనివారం మళ్ళీ వచ్చాడు. "నీతులన్నీ కొట్టేశాను."

నీలవేణి కాగితాలు తిప్పింది. "ఇదిగో, రెండో పేజీలో ఒకటి దాక్కుంది. అయిదో పేజీలో దాని చెల్లెలు."

అలా మూడు శనివారాలు గడిచాయి. నాలుగో శనివారం బడిలో కొత్త కథ చదివాడు. అందులో మధ్యాహ్నం వడకబోయిన దేవకన్య దారమే తెగింది. పిల్ల ఆమెకు చాప వేసింది. ఇద్దరూ నిద్రపోయి, తెల్లవారుజామున లేచి వడికారు. గున్నమ్మ ఏడవలేదు. మళ్ళీ చదవమంది.

అతనితో ఇంటికి వచ్చాక నీలవేణి కలం మూత తీసి, చివరి పేజీ తిప్పింది. నీతి ఉండాల్సిన చోట ఒక ప్రశ్న ఉంది: "మధ్యాహ్నం నిద్రపోయే అల్లుడు జగ్గమ్మగారికి పనికొస్తాడా?"

"ఇది నన్నడగాలి గాని అమ్మనెందుకు?"

"మిమ్మల్ని అడిగే ధైర్యం లేదండీ."

"పిరికివాళ్ళని మీ దొర ఏం చేశాడు?"

"కప్పల్ని చేశాడు."

"ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాడు."

చాప మీద జగ్గమ్మ కళ్ళు తెరవలేదు. "ఒసే, ఏదోటి బేగి రాసీయే. నిద్దర పాడైపోతన్నాది."

కథలు పిల్లలకు పనికొస్తాయని నీలవేణి నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. తరవాత ఆ ప్రశ్న కింద ఒక్క మాట రాసింది: "పనికొస్తాడు."

లేచి రెండో చాప తెచ్చి వసారాలో పరిచింది. ఒంటిగంట బస్సు నరసింగరావు లేకుండానే వెళ్ళింది.